రాహుకాలంలో రెండు పెట్టెలు

బుధవారం మిట్టమధ్యాహ్నం రాహుకాలం వస్తుందని బాలసుబ్రహ్మణ్యం శెట్టికి పంచాంగం చూసి చెప్పేవాళ్ళు అక్కర్లేదు. నిద్రలో తట్టిలేపి అడిగినా ఏ వారానికి ఏ పూటో తడుముకోకుండా చెప్తాడు. అందుకే కడపలో ఇంకా పాలవాడు రాకముందే కోడలు శ్రీవిద్యను కారెక్కించి, మైదుకూరులో ఇడ్లీకి కూడా ఆపనివ్వకుండా తోలించుకొచ్చాడు, పన్నెండు లోపల కర్నూలు చేరి సరుకు చేతికి తీసుకుంటే పని అయిపోయినట్టేనని. ఓర్వకల్లు రాళ్ళగుట్టల దగ్గర టైరు పంచరైంది, మార్చుకుందామంటే స్పేరు టైరులోనూ గాలి లేదు, అంతే, ఏసేపు కొట్టు మెట్లెక్కేసరికి రాహుకాలం వీళ్ళకంటే ముందే వచ్చి కూర్చుంది. ఇప్పుడు కౌంటరు మీద రెండు పెట్టెలు ఉన్నాయి, అట్టడబ్బాల్లోంచి తీసి పక్కపక్కన పెట్టినవి. ఏది కావాలో చెప్పాల్సింది శ్రీవిద్య, చెప్పినా ఇప్పుడు కొనడానికి లేదు, కొనేదాకా కదలడానికి లేదు, ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని వాటి మొహం చూస్తూ ఉండటమే, సరిగ్గా అప్పుడే కరెంటు కూడా పోయింది. "నీకు ఏది తోస్తే అది చెప్పుమ్మా, వీటి సంగతి నాకేం తెలుస్తాది," అని మామ కండువాతో విసురుకుంటూ కళ్ళు మూసుకున్నాడు. అంత మంచిగా అనకపోయి ఉంటే బాగుండేది. ఇదే కొనాలి అని గదమాయించి ఉంటే ఈ గంటన్నరా ఆయన్ని లోపల్లోపల తిట్టుకుంటూ హాయిగా గడిపేసేది.

ఏసేపుది చర్చిలకు కీబోర్డులు, గిటార్లు, గలగల్లాడే తప్పెట్లు అమ్మే కొట్టు. గోడ మీద సిలువ బొమ్మ ఉన్న క్యాలెండరు, దాని పక్కనే రాహుకాలం, దుర్ముహూర్తం ఎర్ర అచ్చులో వేసిన ఇంకో క్యాలెండరు, మొదటిది తన కోసం, రెండోది బేరాలకొచ్చే వాళ్ళ కోసం. ఆయనకు రాహువు మీద నమ్మకం లేదు గానీ రాహువును నమ్మే వాళ్ళ మీద ఉంది. ఈ రెండు పెట్టెలనూ మద్రాసు నుంచి తెప్పించాడు, ఒకటి అమ్ముకుని ఇంకొకటి తిప్పి పంపే ఒప్పందం మీద. మిడి కంట్రోలరని వాటి పేరు. పాటలు కట్టేవాళ్ళ కోసం పుట్టిన సామాను, వీడియో కలిపేవాళ్ళకు కూడా పనికొస్తుందని ఎవరో కనిపెట్టారు, కంప్యూటరుకు తగిలిస్తే ఈ బొమ్మను దించి ఆ బొమ్మను ఎక్కించడం వేళ్ళతో చేసుకోవచ్చు. రాగానే మామ అడిగిన మాట తలుచుకుంటే ఆమెకు ఇంత ఉక్కలోనూ నవ్వొచ్చింది. "ఒకతూరి మోగించప్పా ఏసేపూ, విందాం." "ఇది మోగదు శెట్టిగారూ. దీనికి సొంతంగా సద్దు ఉండదు. ఏది నొక్కినారు, ఎంత జరిపినారు, ఆ మాట కంప్యూటరుకు చెప్తాది, అంతే. పలికేదంతా అదే." "అంటే మూగదా? దుడ్లు పోసి మూగదాన్ని కొనుక్కొని పోవాల్నా?" ఏసేపు నవ్వాడు, మామ నవ్వలేదు, ఆయనకది నిజంగానే వింతగా ఉంది. శ్రీవిద్యకు కాదు. తను పలకకుండా పక్కవాళ్ళను పలికించడంలో ఆమెకు మూడేళ్ళ అనుభవం ఉంది.

ఆమె మనసులో ఇప్పటికే వాటికి పేర్లు పడ్డాయి, పొడుగుపెట్టె, గళ్ళపెట్టె. పొడుగుపెట్టె మీద కిందికీ పైకీ జరిపే మీటలు వరసగా ఉన్నాయి, ఒక్కోదాని నెత్తిన తిప్పే మర, అన్నిటికీ అడుగున అడ్డంగా జరిపే మీట ఒకటి, వేటి మీదా రాత లేదు, ఏది ఏం చేయాలో వాడేవాళ్ళే పెట్టుకోవాలి, పెట్టుకున్నాక చేతికి అలవాటు కావాలి, అలవాటు కావడానికి ఒక సీజను పడుతుంది. గళ్ళపెట్టె మీద రబ్బరు గళ్ళు, అంతే. ఒకటో గడి నొక్కితే ఒకటో కెమెరా, రెండో గడి నొక్కితే రెండోది, వెలుగుతుంది, ఆరుతుంది, మీద చీటీలు అంటిస్తే ఎవరైనా నొక్కుతారు. ఓబుళేశయినా నొక్కుతాడు. ఆ ఒక్క మాట దగ్గరకు వచ్చి ఆమె ఆలోచన ప్రతిసారీ ఆగిపోతోంది. పెళ్ళిళ్ళను పెద్ద తెర మీద చూపించే వాళ్ళ వ్యాపారంలో ఓబుళేశు కెమెరామన్, మంచివాడు, చేయి నిలకడ, బుర్ర మాత్రం ఎప్పుడూ భోజనాల వైపు ఉంటుంది. వైశాఖంలో ఒక ఆదివారం పొద్దున లగ్నానికి కడపలో పెద్ద పెళ్ళి ఒప్పుకున్నాడు మామ, బయానా తీసుకుని తాంబూలం కూడా పుచ్చుకున్నాడు. అదే ఆదివారం, అదే లగ్నానికి, ఈ కర్నూల్లో ఆమె చెల్లెలు శ్రీదేవి పెళ్ళి. మంచి ముహూర్తం ఒకటి దొరికితే జిల్లాకు జిల్లా దాని మీదే పడుతుంది, దానికి ఎవరినీ అనేదేం లేదు. పొడుగుపెట్టె కొంటే దాన్ని వాయించేది శ్రీవిద్య తప్ప ఇంకెవరూ లేరు, ఆ పొద్దు ఆమె కడపలో ఉండాల్సిందే. గళ్ళపెట్టె కొంటే ఓబుళేశును కూర్చోబెట్టి చెల్లెలి పెళ్ళికి పోవచ్చు. ఇంత తేలికైన సంగతి. మరి గళ్ళపెట్టె అని నోరు తెరిచి చెప్పడానికి ఏమడ్డం వచ్చింది, రాహుకాలంలో కొనకూడదు గానీ చెప్పకూడదని ఏ పంచాంగంలోనూ లేదే.

అడ్డం ఏమిటో ఆమెకు తెలుసు, దాని మీద చెయ్యి ఇందాకే పడింది. ల్యాప్‌టాప్ తెరిచి, అందులో పాత పెళ్ళి ముక్కలు రెండు పెట్టుకుని, పొడుగుపెట్టెను తగిలించి, ఆ అడ్డమీటను అటునుంచి ఇటు ఒక్కసారి జరిపింది, ఒక్కసారే. పెళ్ళికూతురి మొహం మీదికి పెళ్ళికొడుకు మొహం నెమ్మదిగా వచ్చింది, మధ్యలో ఒకచోట ఇద్దరూ ఒకే మొహమై కాసేపు ఉన్నారు, అక్కడ ఆపితే ఆగింది, వెనక్కి రమ్మంటే వచ్చింది. మౌసుతో ఇన్నాళ్ళూ ఈ పని చేయాలని చూసి చూసి మణికట్టు నొప్పి తెచ్చుకుంది, మౌసుకు ఒక సమయంలో ఒక్క పనే వచ్చు, ఇది పది వేళ్ళకూ పని చెప్తానంటోంది. నాన్న గుర్తొచ్చాడు. పాతబస్తీలో వాళ్ళ పప్పులకొట్టులో తక్కెడ ముందు నాన్న, చేటలోంచి కందిపప్పు చివరి పిడికెడు వదిలేటప్పుడు చెయ్యి అలా వంచి, గింజ గింజగా, ముల్లు మధ్యకొచ్చి నిలిచేదాకా, అటు ఒక్క గింజ ఎక్కువ కాదు, ఇటు కొనేవాడి మనసు కష్టపడదు. ఆ వంపు తన చేతికి వచ్చిందని నాన్న పోయిన ఆరేళ్ళకు, పరాయి కొట్టులో, మద్రాసు నుంచొచ్చిన ఒక ప్లాస్టిక్ మీట దగ్గర తెలిసింది. చెయ్యి వెనక్కి తీసుకుంది, ఎవరి వస్తువో ముట్టుకున్నట్టు. మళ్ళీ ముట్టుకోలేదు. ముట్టుకుంటే ఇక ఇంకోదాని పేరు చెప్పడం తన వల్ల కాదు.

ఇదంతా ప్రొద్దుటూరు పెళ్ళితో వచ్చిపడింది. మాఘమాసంలో, నిండు మండపంలో, గట్టిమేళం మోగుతుండగా ఆమె వేదిక వెనక నల్లగుడ్డ డబ్బాలో కూర్చుని మౌసు పట్టుకుని ఉంది, ఒకటో కెమెరాలోంచి రెండో దానికి పోవాలి, తాళి దగ్గరగా కనపడాలి, చెమటకు మౌసు జారింది, మూడో కెమెరా ఎక్కింది. మూడో కెమెరా ఓబుళేశుది. ఓబుళేశు దాన్ని భోజనాల హాల్లో బల్ల మీద దించి, ఆపడం మరిచి, చేతులు కడుక్కోవడానికి పోయాడు. గోడంత తెర మీద పెళ్ళికొడుకు సొంత మేనమామ అటూ ఇటూ చూసి లడ్లు సంచిలో వేసుకుంటున్నాడు, ఒకటి, ఇంకొకటి, ఇంకొకటి, ఆఖరున ఒకటి నోట్లో. తాళి కడుతుంటే అక్షింతలు పట్టుకున్న చేతులన్నీ అలాగే ఆగిపోయి మండపం మొత్తం విరగబడి నవ్వింది, పురోహితుడు కూడా మంత్రం మధ్యలో నవ్వాడు, మేనమామ వర్గం వాళ్ళు మాత్రం నవ్వలేదు. వాళ్ళముందు మామ రెండు చేతులూ జోడించి నిలబడటం ఆమె డబ్బాలోంచి ఒకటో కెమెరాలో చూసింది. కడప చేరాక, కారు దిగుతూ, "నీ తప్పు గాదులేమ్మా, ఆ మౌసు తప్పు. దీనికి సరైన సామాను ఏమి కావల్లో కనుక్కో, యాడున్నా తెస్తా," అన్నాడు. మంచివాడితో ఇదే చిక్కు. చెడ్డవాడి నుంచి తప్పించుకుపోవచ్చు.

డబ్బా అని అందరూ అంటారు, ఆమె కూడా అంటుంది. నాలుగు గుంజలు, చుట్టూ నల్లగుడ్డ, లోపల బల్ల, రెండు తెరలు, ఎప్పుడూ ఒక వైపే తిరిగే ఫ్యాను, గుడ్డ కింద నుంచి చెయ్యి ఒకటి లోపలికొచ్చి కాఫీగ్లాసు పెట్టి పోతుంది, ఎవరి చెయ్యో తెలియదు. షామియానాలు, గంగాళాలు, కుర్చీలు అద్దెకిచ్చే ఇంట్లో కోడలై వచ్చిన కొత్తలో ఆమెకు ఇచ్చిన పని గోడౌన్లో గరిటెలు లెక్క పెట్టడం, వెనక్కొచ్చినవి తోమించడం. పెళ్ళికి ముందు కర్నూల్లో మల్టీమీడియా కోర్సు ఒక ఏడాది నేర్చుకుందని ఎవరికీ పట్టలేదు, సంబంధం చూసేటప్పుడు డిగ్రీ పక్కన అదొక మాటగా చెప్పారంతే. తర్వాత పెద్ద తెర వ్యాపారం మొదలైంది, తిరుపతి నుంచి తెచ్చిన మిక్సింగ్ ఆపరేటరు నడి సీజన్లో చెప్పకుండా పోయాడు, గంటలో వరపూజ, మామ తలపట్టుకుని కూర్చున్నాడు, ఆమె గరిటెల గోడౌన్లోంచి వచ్చి చేతులు తుడుచుకుని కూర్చుంది. ఆ రోజు చెవికి పెట్టుకున్న మైకులో మొదటిసారి, "ఓబుళేశన్నా, పూలజడ చూపించు," అంది. చూపించాడు. "ఇంకా దగ్గరికి." పోయాడు. ఇంట్లో మంచినీళ్ళ బిందె పక్కకు జరపమంటే ఏ మగవాడూ లేవడు, డబ్బాలో కూర్చుంటే ముగ్గురు మగవాళ్ళు ఆమె మాట మీద పరుగులు పెడతారు. నలుగురిలో కూర్చుంటే కోడలు ఎందుకు నవ్విందని అడిగేవాళ్ళుంటారు, డబ్బాలో ఎంత నవ్వినా, ఎంత ఏడ్చినా ఎవరూ చూడరు. ఆ నల్లగుడ్డ ఆమెకిష్టం. అది చెప్తే శ్రీదేవి నమ్మదు. నమ్మదేమిటి, తిడుతుంది.

ఒళ్ళో ఫోను ఒక్కసారి వణికి ఆగిపోయింది. శ్రీదేవి మిస్డ్ కాల్. చెల్లెలి మిస్డ్ కాల్‌కు అర్థం ఒకటే, కార్డు పంచినప్పటి నుంచీ అదే, అక్కా, వస్తాండావా లేదా. వాళ్ళిల్లు ఇక్కడి నుంచి ఆటోలో పోతే పాట ఒకటి పూర్తయ్యేలోగా వస్తుంది, బురుజు దాటి, పాత బజారు సందు తిరిగితే అమ్మ ఇంటి అరుగు, అమ్మకు తన పెద్దకూతురు ఊళ్ళో ఉన్నట్టు కూడా తెలియదు, ఈ పూట అప్పడాలు ఎండేసుకుంటూ ఉంటుంది. పెళ్ళిచూపులనాడు శ్రీదేవి ఆమెను పెరట్లోకి లాక్కుపోయి చెప్పింది, "తాళి కట్టేటప్పుడు నా జడ నువ్వే ఎత్తి పట్టుకోవల్ల. నాయన లేడు. నువ్వు వెనక ఉంటే నాకి ధైర్యముంటాది. నీ పెండ్లిలో నేను పట్టుకోలే?" పట్టుకుంది, నిజమే, జడను రెండుసార్లు జార్చింది కూడా. శ్రీవిద్య సరే అంది. అనేటప్పటికి కడప పెళ్ళి సంగతి తెలియదు. తెలిశాక మొగుణ్ణి అడిగింది. శివప్రసాద్ మంచం మీద దిండు సర్దుకుంటూ, "నాయన్ని అడుగు, మధ్యలో నేను యాల," అని అటు తిరిగాడు. అమ్మ రాజ్యలక్ష్మమ్మ స్వయంగా కడపకు వచ్చి కార్డిచ్చింది, మామ దాన్ని కళ్ళకద్దుకుని, తేదీ చూసి, దేవుడి పటం ముందర పెట్టి, "చూద్దాం లేమ్మా," అన్నాడు. చూద్దాం. ఆయన అప్పడిగిన వాళ్ళతో చూద్దాం అంటాడు, కూలి పెంచమన్న వాళ్ళతో చూద్దాం అంటాడు. చూద్దాం అన్నదేదీ తర్వాత చూసినట్టు ఆమె ఎరగదు. ఆ పైన మామను అడగలేకపోయింది. అడిగితే ఆయన బాధపడతాడు, ఆయన బాధపడితే ఇల్లంతా ఆమె వంక చూస్తుంది.

ఆమె లేచింది. ఎందుకు లేచిందో కాళ్ళకే తెలియాలి, వాకిలి దాకా పోయి, సగం దించిన షట్టరు కింద తలవంచి ఎండలోకి చూసింది, అవతల ఆటో ఒకటి ఖాళీగా నిలబడి ఉంది, డ్రైవరు ఆశగా చూశాడు. ఇప్పుడే వస్తా మామా, అమ్మను చూసొస్తా, అంతే, ఇంత చిన్నమాట. "గడప దాటొద్దుమ్మా," అన్నాడు మామ, కళ్ళు తెరవకుండానే, నిద్ర గొంతుతో. "ఇంత ఓపిక పట్టినాం, రాహుకాలంలో యాడికీ బయల్దేరొద్దు." ఏసేపు ఆమె మొహం చూసి ఏమనుకున్నాడో, స్టీలు గ్లాసులో మంచినీళ్ళు తెచ్చిచ్చాడు. "కూర్చోమ్మా. ఇంకెంతసేపు, అయిపొచ్చె." ఆమె నీళ్ళు తాగి వచ్చి అదే కుర్చీలో కూర్చుంది, కుర్చీ వేడి కూడా పోలేదు. బయటికి పోవద్దని చెప్పిన మనిషిని ఏమనాలి, ఆయన తన మీద కోపంతో చెప్పలేదు, గ్రహాలు బాగాలేవని చెప్పాడు, గ్రహాలతో ఎవరు పోట్లాడతారు. కండువాతో విసురుకుంటున్న ఆ చెయ్యి ఆగి విసురుతూ, ఆగి విసురుతూ, నిద్రలోనూ ఒక్కోసారి ఆమె వైపుకు కూడా నాలుగుసార్లు విసురుతోంది. ఏడుపొచ్చింది. ఈయన్ని ఇష్టపడకుండా ఉండటం కూడా చేతకాదు తనకు.

సరే, గళ్ళపెట్టె అంటుంది. ఆ తర్వాత? ఓబుళేశు ఆ పొద్దు నొక్కుతాడు, బాగానే నొక్కుతాడు, గడి నొక్కితే బొమ్మ మారుతుంది, అందులో తప్పడానికేం లేదు. కడప పెళ్ళివాళ్ళు మెచ్చుకుంటారు, కలిపినదానికీ నొక్కినదానికీ తేడా వాళ్ళకేం తెలుసు. మామ లెక్క వేసుకుంటాడు, కోడలు లేకున్నా పని నడుస్తోంది. ఇంట్లో అత్త ఎప్పటి నుంచో అంటూనే ఉంది, ఆడపిల్ల పెళ్ళిళ్ళ వెంట ఊళ్ళు తిరగడమేంటని. ఒక పెళ్ళికి చెల్లెలి కోసం పక్కకు జరిగితే ఆ జాగా మళ్ళీ ఇస్తారా, గోడౌన్లో గరిటెలు ఎక్కడికీ పోలేదు, అక్కడే ఉన్నాయి, లెక్కకు ఎదురుచూస్తున్నాయి. మరైతే పొడుగుపెట్టె. పొడుగుపెట్టె అంటే ఇక ఆమెను ఎవరూ తీసేయలేరు, తీసేయలేరు అంటే వదిలిపెట్టలేరు కూడా, ఈ వైశాఖం, వచ్చే మాఘం, ఆ పై ఏడాది, ఎవరి పెళ్ళయినా, ఎవరి పురుడైనా, అమ్మకు జబ్బు చేసినా, లగ్నమంటే డబ్బాలో ఉండాల్సిందే. పనికి రాకపోతే గోడౌను, పనికి వస్తే డబ్బా. అబద్ధం చెప్పొచ్చు, గళ్ళదే పనికి మంచిదని, మామ నమ్ముతాడు, ఏసేపు కూడా కాదనడు, ఆయనకు ఏది అమ్మినా ఒకటే. కానీ ఇందాక ఆ మీట మీద నాన్న చెయ్యి కనబడ్డాక దాని గురించి అబద్ధం చెప్పడం ఎలా, తక్కెడ దగ్గర అబద్ధమాడినట్టుంటుంది. నిజం చెప్తే? ఇది మంచిది, అది తేలిక, నాకు తేలికది కావాలి, ఎందుకంటే నా చెల్లెలు. ఇంతే కదా. చెప్పి చూసిందెప్పుడు. అడిగింది మొగుణ్ణి, మామ కళ్ళలోకి చూసి ఎన్నడూ అడగలేదు, ఆయన చూద్దాం అన్నాడు, ఈమె దాన్ని వద్దన్నాడని మనసులో రాసుకుంది. ల్యాప్‌టాప్ బ్యాటరీ అయిపోతున్నట్టు మూలన ఎర్రగా చూపించి తెర దానంతటదే ఆరిపోయింది. అందులో ఆమె మొహం మాత్రం మిగిలింది, జిడ్డుగా, బొట్టు కాస్త కరిగి.

క్యాలెండరు చూడకుండానే మామకు మెలకువ వచ్చింది. లేచి, కండువా దులుపుకుని, షట్టరు అడుగున గడపకు దణ్ణం పెట్టుకున్నాడు. "పీడ పోయింది. తియ్యప్పా ఏసేపూ, బిల్లు బుక్కు." ఆమె వైపు తిరిగి, "ఏదిమ్మా?"

"గళ్ళది, మామా." ఆగితే ఇక చెప్పలేనని తెలిసి ఆగకుండా చెప్పింది. "పనికి ఆ పొడుగుదే మంచిది, అబద్ధమెందుకు. కానీ దాన్ని నేను తప్ప ఇంకొకరు ఆడించలేరు. ఈ గళ్ళదైతే ఓబుళేశన్న నొక్కుతాడు, రెండు దినాలు చూపిస్తే చాలు. ఆ ఆదివారం కడప పెండ్లికి ఆయన్ను కూర్చోబెట్టండి. నేను మా శ్రీదేవి పెండ్లికి పోవల్ల."

పోనా అనలేదు, పోవల్ల అంది. ఆ మాట కౌంటరు మీద రెండు పెట్టెల మధ్య పడి ఉంది, ఆమె దాన్నే చూస్తోంది. బాలసుబ్రహ్మణ్యం శెట్టి కోడల్ని ఎగాదిగా చూశాడు. తర్వాత ఆయన మొహం మెల్లగా విప్పారింది.

"ఈ మాట చెప్పనీకి పొద్దుటి నించి ఇంత మథనపడినావా? నేనేమన్న రాక్షసుణ్ణా తల్లీ, సొంత చెల్లెలి పెండ్లికి పోవద్దనేదానికి? నేను గూడా ఆ పొద్దు ఎట్లని అదే ఆలోచన చేస్తాండా."

ఆమె ఒళ్ళంతా తేలికైపోయింది. అంత ఆనందం ఆమె ఈ ఇంటికొచ్చాక ఎప్పుడూ ఎరగదు. చూద్దాం అంటే నిజంగా చూస్తానని, ఈ మనిషి నిజంగానే చూస్తున్నాడని, తనే పాపిష్టిది, తనే అనవసరంగా, ఇప్పుడే ఆయన కాళ్ళకు దణ్ణం పెట్టేద్దామా అనుకుంటూ ఉండగానే ఆయన ఏసేపు వైపు తిరిగాడు.

"అప్పా, ఆ రెండోదాన్ని తిప్పి పంపొద్దు. రెండూ కట్టెయ్." మళ్ళీ ఆమెతో, హుషారుగా, ఒక్కో వేలూ ముడుస్తూ అన్నాడు, "అలకైంది, ఈ గళ్ళది, ఓబుళేశుకు. కడప పెండ్లి వాడు చూసుకుంటాడు. మంచిది నీకి, కర్నూలుకు తెచ్చుకో. నాయన లేని పిల్ల పెండ్లి, మీ అమ్మ యాడ పెట్టిస్తాది కెమెరాలూ తెరా? ఇంకో సెట్టు బాడుగకు తెస్తా, అంతా మన ఖర్చే, మన ఇంటి నించి శ్రీదేవికి సారె అనుకో. గోడంత తెర, మూడు కెమెరాలు, డబ్బాలో నువ్వు. కర్నూలు బజారు శెట్లంతా నోరు తెరుచుకొని చూడల్ల. లగ్నం టైముకు ఇట్లా ఇట్లా కలుపు," గాలిలో మీట జరిపి చూపించాడు, సరిగ్గా ఆమె ఇందాక జరిపినట్టే. కళ్ళు మూసుకుని కూడా చూశాడన్నమాట. "నీ చేతి పని మీ అమ్మ ఎన్నడూ చూడలే గదా."

ఏసేపు కలం ఆపి, "శానా మంచి మనసు శెట్టిగారూ," అన్నాడు, మనస్ఫూర్తిగానే. మామ కళ్ళలో నీళ్ళు తిరిగాయి, తన మాటకు తనకే. ఈ లోకంలో ఈ మనిషి మీద ఎవరి దగ్గరికి పోయి ఫిర్యాదు చేయాలి, చేస్తే ఎవరైనా ఏమంటారు, ఎంత అదృష్టవంతురాలివి అంటారు, అమ్మే అంటుంది ముందు. ఒకసారి, ఒక్కసారి ఇంకా చెప్పి చూద్దామనుకుంది.

"డబ్బాలో కాదు మామా. బయట, శ్రీదేవి వెనకాల నిలబడి చూద్దామనుకున్నా. నా కండ్లతో."

ఆయనకు అర్థం కాలేదు. నిజంగా కాలేదు, ఆయన మొహంలో ఆమె వెతికి చూసింది, అక్కడ ప్రేమ తప్ప ఇంకేమీ లేదు.

"పిచ్చితల్లీ," అన్నాడు. "బయట నిలబడితే ఏమి కనపడతాది, ఫోటోలు తీసేటోళ్ళ వీపులు తప్ప? అందరికంటే బాగా చూసేది నువ్వే. మూడు కెమెరాలుండాయి గదా నీకి."

ఏసేపు రెండు పెట్టెలనూ అట్టడబ్బాల్లో సర్ది, పురికొస చుట్టి ముడులు వేశాడు. గళ్ళపెట్టెను కారు డిక్కీలో పెట్టించమని మామకిచ్చాడు. పొడుగుపెట్టె ఎవరిదో అడగకుండానే తెచ్చి ఆమె ఒళ్ళో పెట్టాడు.